నాడె తనంతట తాను ఆడే ఊళ్లో
(భివండీ పద్మనగర్‌లో జరిగిన స్మారకసభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎవరి జ్ఞాపకంగా ఈ సభ పెట్టుకున్నామో ఆయన్ని నేను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. మీలో చాలామందికి లాగే నాకూ ఆయన మెహతాజీయే. కార్ఖానాలో మీటర్లు రాసి పగార్ లెక్క కట్టడం ఆయన బతుకుదెరువు. మార్కండేయ జయంతి చందాల లెక్క రాయడం ఆయన పట్టింపు. పండగైన మర్నాడు సాయంత్రం గుడి అరుగు మీద కూచుని పూలకింత, మైకుకింత, టెంటుకింత అని పైకి చదివేవాడు. వినేవాళ్లు నలుగురున్నా చదివేవాడు, లేకున్నా చదివేవాడు. ఎవరో ఒకరు "నీ మీద మాకు నమ్మకమే తాతా, ఇగ చాలు" అంటే, "నమ్మినోనికే లెక్క చెప్పాలె బిడ్డా, నమ్మనోడు ఎట్లాగూ అడుగుతడు" అన్నాడట. ఈ మాట నాకు చెప్పింది ఆయన మనవరాలు.

పాలించే అర్హత ఎవరికుంటుంది అన్న విషయం మీద మాట్లాడమని కమిటీవాళ్లు అడిగారు. మునిసిపల్ ఎన్నికలొచ్చినప్పుడల్లా ఈ చౌరస్తాలో చాయ్ గ్లాసుల మధ్య నడిచే చర్చే ఇది. వానికేం తెలుసని నిలబడ్డడు, నాలుగక్షరాలు రావు, నిన్నటిదాకా కండెలు మోసినోడు, మొదలైనవి. ఇవే మాటలు ఇరవై నాలుగు వందల ఏళ్ల కింద ఏథెన్స్ నగరంలో అన్నారు. అన్నవాళ్లు మామూలువాళ్లు కారు. సోక్రటీసు, ప్లేటో, అరిస్టాటిల్. ఆ ముగ్గురిలో ఇద్దరు తమ వాదం నడపడానికి మగ్గం దగ్గరికి వచ్చారు. అందుకే గ్రీకుల గురించి భివండీలో మాట్లాడటం నాకు వింతగా అనిపించడం లేదు.

ముందు అరిస్టాటిల్. 'పాలిటిక్స్' అనే ఆయన గ్రంథంలో, మొదటి భాగంలోనే, బానిసలు ఎందుకు కావాలో చెబుతూ ఒక ఊహ చేస్తాడు. నాడె తనంతట తాను బట్ట నేస్తే, వీణ మీటే పుల్ల తనంతట తాను వాయిస్తే, మేస్త్రీకి పనివాళ్లు అక్కరలేదు, యజమానికి బానిసలు అక్కరలేదు అంటాడు. జరగని పనికి ఉదాహరణగా చెప్పాడు. కార్ల్ మార్క్స్ 'పెట్టుబడి' రాస్తూ ఈ మాటను ఎత్తి చూపింది అది జరిగిపోయింది కనుకే. మరమగ్గాల గురించి మార్క్స్ లండన్‌లో చదువుకుని రాశాడు. మీరు రోజూ వాటి నడుమ నిలబడి ఉంటారు.

సాంచా, అంటే మరమగ్గం మీద నాడె తనంతట తానే ఆడుతుంది. పికింగ్ కట్టె కొట్టిన దెబ్బకు నిమిషానికి నూరుసార్లకు పైగా అటూ ఇటూ పోతుంది. చేత్తో విసరాల్సిన పని లేదు. కానీ కండె అయిపోతే తీసి కొత్తది ఎక్కించాలి. పడుగులో పోగు తెగితే వంగి, వెతికి, అల్లులోంచి, పన్నెలోంచి లాగి ముడి వేయాలి. ఒక మనిషి నాలుగు సాంచాలు చూస్తాడు, ఆరు చూస్తాడు. ఒకదాని దగ్గర పోగు అతుకుతుంటే వీపు వెనక ఇంకొకటి ఆగుతుంది. ఆగిన మీటరుకు పైసా రాదు. పాలీ, అంటే షిఫ్టు, పన్నెండు గంటలు. నాడె స్వతంత్రమైంది గాని దాని వెంట తిరిగే మనిషికి తీరిక రాలేదు. అరిస్టాటిల్ ఊహలో మొదటి సగమే నిజమైంది.

ఈ తీరికే ఆయన వాదానికి పడుగు. బతుకుదెరువు కోసం చేతిపని చేసేవాడికి మంచి నగరంలో పౌరసత్వం ఉండకూడదంటాడు మూడో భాగంలో. వాడు చెడ్డవాడని కాదు, పౌరుడికి కావాల్సిన గుణం పెరగడానికి తీరిక కావాలి, అది వాడికి లేదు అని. థీబ్స్ నగరంలో ఒక చట్టం ఉండేదనీ రాస్తాడు. బజారు వ్యాపారం మానేసి పదేళ్లు గడిచినవాడికే అక్కడ పదవి. కోపం తెచ్చుకునే ముందు ఆలోచిద్దాం. పన్నెండు గంటల పాలీ దిగినవాడు వార్డు సమావేశానికి ఎట్లా వస్తాడు? బడ్జెట్ కాగితం ఎప్పుడు చదువుతాడు? రోగం ఏమిటో అరిస్టాటిల్ సరిగ్గానే పట్టుకున్నాడు. మందుగా మాత్రం రోగినే ఇంట్లోంచి వెళ్లగొట్టమన్నాడు.

ఏథెన్స్ జనం వేరే మందు కనిపెట్టారు. న్యాయస్థానంలో కూచునే సామాన్యుడికి పెరిక్లీస్ కాలంలో దినబత్యం పెట్టారు. క్రీ.పూ. 403 తర్వాత ప్రజాసభకు వచ్చినవాళ్లకూ డబ్బు ఇవ్వడం మొదలైంది. ముందు ఒక ఓబోల్, తర్వాత రెండు, తర్వాత మూడు. పని మానుకుని వచ్చినందుకు ఆ పూట కూలి అన్నమాట. తత్త్వవేత్తలకు ఇది ఏమాత్రం నచ్చలేదు. జనాన్ని సోమరులను చేశారని తిట్టారు. తీరిక ఉన్నవాడే పాలించాలి అనడానికీ, పాలనలో పాల్గొనేవాడికి తీరిక కల్పించాలి అనడానికీ మధ్య ఉన్న తేడా కూలివాడికి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ప్లేటో దగ్గరికి వద్దాం. జ్ఞానులే రాజులు కావాలన్నది ఆయన వాదమని కాలేజీ చదువుకున్నవాళ్లందరికీ తెలుసు కాబట్టి దాన్ని తొందరగా దాటేస్తాను. ఆ మాట ఏ ఇంట్లో పుట్టిందో మాత్రం కొంచెం నిలబడి చూద్దాం, ఎందుకంటే అది మనలాంటి వలసవాళ్ల ఇల్లు.

'రిపబ్లిక్' సంవాదం ఏథెన్స్ ఊళ్లో జరగదు. పిరేయస్ అనే రేవులో జరుగుతుంది. థ్రేస్ నుంచి వచ్చినవాళ్ల దేవత బెండిస్‌కు అక్కడ తొలిసారి జాతర. చూసి తిరిగి వస్తున్న సోక్రటీసును పోలెమార్కస్ అనే యువకుడు సరదాగా అడ్డగించి తమ ఇంటికి తీసుకుపోతాడు. ఇంటి పెద్ద కెఫలస్ సిరాక్యూస్ నుంచి వలస వచ్చిన వ్యాపారి. వాళ్లకు డాళ్ల కార్ఖానా ఉండేది. ఏథెన్స్‌లో ఇలాంటి వలసవాళ్లను మెటిక్ అనేవారు. మగవాడైతే ఏటా పన్నెండు ద్రాక్మాల పన్ను కట్టాలి. పూచీ ఉండడానికి ఒక స్థానికుడు కావాలి. యుద్ధం వస్తే పోరాడాలి. ఓటు లేదు, పదవి లేదు, ప్రత్యేక అనుమతి లేకుండా ఇల్లు గాని భూమి గాని కొనడానికి లేదు. ఎవరు పాలించాలి అన్న విషయం మీద ప్రపంచంలోకెల్లా పేరుపడ్డ చర్చ, పాలనలో ఏ వాటా లేని మనిషి ఇంట్లో, ఆయన పెట్టిన ఆతిథ్యం మధ్య జరిగింది.

తర్వాతి కథ ప్లేటో ఆ సంవాదంలో చెప్పడు. ఆయన మొదటి పాఠకులకు తెలుసు. క్రీ.పూ. 404లో స్పార్టా చేతిలో ఓడిపోయాక ఏథెన్స్‌లో ముప్పైమంది అధికారం పట్టారు. చదువూ వంశమూ ఉన్నవాళ్లు. వాళ్ల నాయకుడు క్రిటియస్ కవి, రచయిత, ఒకప్పుడు సోక్రటీసు చుట్టూ తిరిగినవాడు, ప్లేటో తల్లికి దగ్గరి బంధువు. ప్లేటో మేనమామ ఖార్మిడీస్ కూడా ఆ పాలనలో పాలుపంచుకున్నాడు. అన్యాయం చేసేవాళ్లను ఏరేసి నగరాన్ని శుద్ధి చేస్తామన్నారు. ఎనిమిది నెలల్లో పదిహేను వందల మందిని చంపారు. ఖజానాకు డబ్బు కావాల్సి వచ్చి డబ్బున్న మెటిక్‌ల ఇళ్ల మీద పడ్డారు. పోలెమార్కస్‌ను వీధిలో పట్టుకుని విషం తాగించారు. తమ్ముడు లిసియస్ వెనక తలుపు గుండా తప్పించుకుని మెగారా చేరాడు. తర్వాత ఏథెన్స్‌లో ఆయన చేసిన ప్రసంగం ఇప్పటికీ దొరుకుతుంది. 700 డాళ్లు, 120 మంది బానిసలు, వెండి బంగారాలు అన్నీ దోచారని లెక్క చెబుతాడు. మెలోబియస్ అనేవాడు ఇంట్లో అడుగుపెడుతూనే వదినగారి చెవుల్లోంచి బంగారు పోగులు ఊడబీకాడని చెబుతాడు.

ఆ నూటిరవై మంది బానిసల బతుకు గురించి లిసియస్‌ గానీ సోక్రటీసు గానీ ఒక్క మాట అనలేదు. దోపిడీ సొమ్ము జాబితాలో డాళ్ల పక్కన వాళ్లు. ఈ మాట చెప్పకుండా గ్రీకులను పొగడటం నాకు చేతకాదు.

ఇంకొక చిన్న సంగతి. ఈ ఖార్మిడీస్ ఒకప్పుడు సభలో మాట్లాడటానికి సిగ్గుపడేవాడట. సోక్రటీసు ధైర్యం చెప్పిన తీరు జెనోఫన్ రాశాడు. ఎవరిని చూసి నీకు భయం, బట్టలుతికేవాళ్లనా, చెప్పులు కుట్టేవాళ్లనా, వడ్రంగులనా, కమ్మరులనా, రైతులనా, బజారులో చౌకగా కొని ఎక్కువకు అమ్మేవాళ్లనా, సభ అంటే వీళ్లే కదా అన్నాడట. ఆ ధైర్యం పెరిగి ఎక్కడికి చేరిందో చూశారు. క్రీ.పూ. 403లో సామాన్యులు తిరగబడి ముప్పైమంది పాలనను దింపారు. వాళ్ల పక్కన పోరాడిన మెటిక్‌లూ ఉన్నారు. సొంత డబ్బు పెట్టి తిరుగుబాటును ఆదుకున్న లిసియస్‌కు పౌరసత్వం ఇవ్వాలని తీర్మానం కూడా చేశారు. సరైన పద్ధతిలో సభ ముందుకు రాలేదని దాన్ని కొట్టేశారు. రేషన్ కార్డులో పేరు ఎక్కించుకోవడానికి కిటికీ కిటికీ తిరిగినవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది.

ముప్పైమందిని దింపి తిరిగి నిలిచిన ప్రజాస్వామ్యమే క్రీ.పూ. 399లో సోక్రటీసుకు మరణశిక్ష వేసింది. పెద్దమనుషుల పాలనా చూశాడు, జనం పాలనా చూశాడు ప్లేటో. ముప్పైమంది పాలన వచ్చాక అంతకు ముందున్నదే బంగారంలా కనిపించిందని ఆయన పేరుతో ఉన్న ఒక ఉత్తరంలో ఉంది. అయినా సామాన్యుడి మీద నమ్మకం కుదరలేదు. జబ్బు చేస్తే వైద్యుడి దగ్గరికి పోతాం, ఓడ నడపాలంటే సరంగును పిలుస్తాం, నగరాన్ని మాత్రం చెయ్యెత్తినవాడి చేతిలో పెడతామా అన్నది ఆయన జీవితాంతం విడవని ప్రశ్న. చౌరస్తాలో మనం అనేదీ అదే.

వయసు మళ్లాక రాసిన 'స్టేట్స్‌మన్' సంవాదంలో ఆయన మన దగ్గరికి వస్తాడు. పాలకుడు ఎట్లాంటివాడు? ముందు గొర్రెల కాపరి అనుకుంటారు. తర్వాత వదిలేస్తారు. కాపరి వేరే జాతి, గొర్రెలు వేరే జాతి. మనుషుల పాలకుడు కూడా మనిషే. పైగా వీళ్లకు తిండి పెట్టేది మేమంటూ రైతూ, రొట్టెలు చేసేవాడూ, వర్తకుడూ, వైద్యుడూ అందరూ ముందుకొస్తారు. అప్పుడు సంవాదం నడిపే ఎలియా ఊరి అతిథి ఉన్ని బట్ట నేసే పని తీసుకుందామంటాడు. ఏకడం నేత కాదు, వడకడం నేత కాదు, ఉతకడం నేత కాదు. అవన్నీ నేతకు ముందూ వెనకా నడిచే పనులు. అట్లాగే యుద్ధం చేయడం, తీర్పు చెప్పడం, ఉపన్యసించడం ఇవేవీ పాలన కావు. వాటిలో ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో తెలిసినవాడు పాలకుడు. జనంలో దూకుడు మనుషులుంటారు, నెమ్మది మనుషులుంటారు. దూకుడువాళ్లకే వదిలేస్తే ఊరిని గొడవల్లోకి దించి ముంచుతారు. నెమ్మదివాళ్లకే వదిలేస్తే ఎవడో వచ్చి నెత్తినెక్కేదాకా మెలకువ రాదు. పేనిన గట్టి నూలు పడుగు, మెత్తని నూలు పేక. రెంటినీ కలిపి ఊరంతటికీ ఒక్క వస్త్రంగా నేసేవాడే పాలకుడు.

ఇంత చక్కటి మాట మన పని గురించి వేరే ఏ తత్త్వవేత్తా చెప్పినట్టు నాకు తెలియదు. పడుగు కట్టిన ఇళ్లలో పుట్టినవాళ్లం, గర్వపడదాం. ఆ తర్వాత నేతగాడి కంటితో బట్టను తిప్పి చూద్దాం.

మొదటి లోపం: పాలకుడికి నేతగాడిని ఉపమానంగా వాడుకున్నాడు గాని, నేతగాడు పాలకుడైతే అన్న ఊహే అక్కడ లేదు. వృత్తిపనుల వల్ల ఒళ్లు వంగినట్టే మనసూ వంగిపోతుందని 'రిపబ్లిక్'లో రాసినవాడు ఆయన. మన పని తెలివిని తీసుకున్నాడు, మనల్ని గడప బయట నిలబెట్టాడు. రెండోది ఇంకా పెద్దది. ఆయన నేసే బట్టలో పనికిరాని పోగుల్ని ముందే ఏరి పారేస్తారు. అంటే దారికి రాని మనుషుల్ని చంపడం, వెళ్లగొట్టడం, పరువు తీయడం. తెలివి తక్కువ అనుకున్నవాళ్లను బానిసత్వంలో పెట్టడం. నూలు పోగుకు నోరు లేదు. నన్ను ఎక్కడ పెట్టావు, ఎందుకు తెంపావు అని అడగదు. మనిషి అడుగుతాడు. ఉపమానం చిరిగేది సరిగ్గా అక్కడే.

ఇదే నేత ఉపమానాన్ని ప్లేటో కంటే ముందు ఒక నాటకంలో ఒక స్త్రీ చేత చెప్పించాడు అరిస్టోఫనీస్. క్రీ.పూ. 411లో ఆడిన 'లిసిస్ట్రాటా'. నగరాన్ని నడపడం ఆడవాళ్లకేం తెలుసని అధికారి వెక్కిరిస్తే, ఉన్ని పని తెలిసినవాళ్లకు అదీ తెలుస్తుందంటుంది. ముందు మురికి కడగాలి, ముళ్లు ఏరాలి, పదవుల కోసం జట్టుకట్టి ఉండ చుట్టుకున్నవాళ్లను దువ్వెనతో విడదీయాలి. తర్వాత అందరినీ ఒకే బుట్టలో కలిపి ఏకాలి, వలస వచ్చినవాళ్లనూ, పొరుగు స్నేహితులనూ, ఖజానాకు బాకీ పడ్డవాళ్లనూ వదలకుండా. అప్పుడు జనానికంతా సరిపోయే దుప్పటి నేయాలి. నవ్వించడానికి రాసిన నాటకమే. కానీ మెటిక్‌లను బట్టలో కలిపింది ఆ స్త్రీ. మహా తత్త్వవేత్త కలపలేదు.

మెటిక్ అన్నప్పుడు అరిస్టాటిల్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. పౌరుడు ఎవరు అన్న విషయం మీద అంత లోతుగా రాసిన మనిషి ఉత్తరాన స్టాగిరా ఊరివాడు. పదిహేడేళ్లకు ఏథెన్స్ వచ్చాడు. జీవితంలో సగానికి పైగా అక్కడే గడిపాడు. ఒక్కసారి కూడా ఓటు వేయలేదు, ఆయనకు హక్కు లేదు. అలెగ్జాండర్ చనిపోయాక గాలి మారితే ఊరు వదిలిపోయి క్రీ.పూ. 322లో ఖాల్కిస్‌లో చనిపోయాడు. తనలాంటివాడిని బయట నిలబెట్టే గీతను ఆయన ఎక్కడా తప్పుపట్టలేదు.

ఇక్కడి సంగతి చూడండి. కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల నుంచి వచ్చి పద్మనగర్ కట్టుకున్న మన కుటుంబాలకు తరాలు గడిచాక ఓటు ఇక్కడే స్థిరపడింది. పక్క వరుసలో సాంచా నడిపే బిహార్, ఉత్తరప్రదేశ్ తమ్ముళ్లలో ఎందరికో ఓటు ఊళ్లో ఉంది, ఒళ్లు ఇక్కడుంది. వాళ్లు తాగే నీళ్లు ఇక్కడివి, వాళ్లు అన్నం తినే బిస్సీ ముందు పొంగే గట్టర్ ఇక్కడిది, ఆ గట్టర్ సంగతి తేల్చే ఓటు గోరఖ్‌పూర్ దగ్గరెక్కడో. చట్టం వాళ్లను ఆపలేదు. కాగితం, అద్దె ఇంటి రుజువు, మళ్లీ ఆ తీరిక, ఇవి ఆపుతున్నాయి.

ప్లేటోకు బదులు చెప్పినవాడు ఒకడున్నాడు. ఆ బదులును రాసి పెట్టింది ప్లేటోయే, ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాలి. ప్రొటాగరస్ అబ్డెరా నుంచి వచ్చిన పంతులు. కుర్రతనంలో కట్టెలు మోసేవాడని కూడా పాత కథలున్నాయి. ఆయన చెప్పిన కథలో దేవతలు మనుషులకు వృత్తులు పంచుతారు. వైద్యం ఒకడికి ఇస్తే పదిమందికి సరిపోతుంది. కానీ వృత్తులుండీ మనుషులు కలిసి బతకలేక కొట్టుకు చస్తుంటే జ్యూస్ దేవుడు న్యాయబుద్ధినీ సిగ్గునూ పంపుతాడు. వీటిని కూడా కొందరికే పంచనా అని దూత అడిగితే, వద్దు, అందరికీ ఇవ్వు, కొందరికే ఉంటే ఊళ్లు నిలవవు అంటాడు జ్యూస్. ఓడలు కట్టే విషయమైతే ఏథెన్స్ సభ ఓడలు కట్టేవాడి మాటే వింటుంది, ఊరి మంచిచెడులైతే కమ్మరి లేచినా చెప్పులు కుట్టేవాడు లేచినా వింటుంది అన్నది ఆయన వాదం. గట్టర్ ఎంత లోతు తవ్వాలో ఇంజినీరు చెప్పాలి. ముందు ఏ వీధిలో తవ్వాలో చెప్పడానికి ఇంజినీరు చదువు అక్కరలేదు.

ఏథెన్స్ ఆ నమ్మకంతో చీటీలు తీసింది. 500 మంది సభ్యుల మండలిని ఏటా చీటీతోనే ఎంచేవారు. జీవితంలో రెండేళ్లకు మించి ఎవరూ అందులో ఉండకూడదు. ఖజానా, పత్రాలు ఉన్న గుళ్ల తాళాలూ, నగర ముద్రా రోజుకొకరి దగ్గర ఉండేవి. ఒక రాత్రీ ఒక పగలూ. మళ్లీ ఆ జన్మలో ఆ వంతు రాదు. సైన్యాధిపతులను మాత్రం ఎన్నుకునేవారు, ఎన్నిసార్లయినా ఎన్నుకోవచ్చు. ఎక్కడ నైపుణ్యం కావాలో ఎక్కడ అక్కరలేదో వాళ్లకు తెలియకపోలేదు. సరంగునూ వడ్రంగినీ చీటీ తీసి పెట్టుకోరు కదా అని వెటకరించిన సోక్రటీసే క్రీ.పూ. 406లో చీటీ వల్ల మండలిలో ఉన్నాడు. నేరం మోపిన సైన్యాధిపతులందరినీ ఒకే ఓటుతో, చట్టానికి విరుద్ధంగా విచారించబోతే ఒప్పుకోనని నిలబడ్డాడు. ఆయన జీవితంలో రాజకీయంగా ఎన్నదగిన పని ఆయన ఎగతాళి చేసిన చీటీ ఇచ్చిందే.

చీటీ మనకూ కొత్త కాదు. తమిళదేశంలో ఉత్తరమేరూరు శాసనం పదో శతాబ్దంలో కుండలో తాటాకు చీటీలు వేసి పిల్లవాడి చేత తీయించమంది. లెక్కలు చెప్పనివాడి పేరు, వాడి బంధువుల పేర్లు కుండలో వేయొద్దనీ అంది. మహారాష్ట్రలో మునిసిపల్ ఎన్నికలకు ముందు ఏ వార్డు ఎవరికి రిజర్వు అన్నది సోడత్, అంటే చీటీ, వేసి తేలుస్తారు. బడిపిల్లల చేత చీటీలు తీయించడం మీరు చూసే ఉంటారు. సగం సీట్లు స్త్రీలవి. చీటీ రాకపోయి ఉంటే గడప దాటని ఆడవాళ్లు ఎందరో సభలో కూచున్నారు. వాళ్ల భర్తలే నడుపుతున్నారని నవ్వేవాళ్లున్నారు. కొన్ని చోట్ల నిజమే. భర్త నడపడం ఆ స్త్రీకి అర్హత లేదనడానికి రుజువెట్లా అవుతుందో నాకు అర్థం కాదు.

అర్హత పరీక్ష పెడదామన్నవాళ్లు మన కాలంలోనూ ఉన్నారు. హర్యానా ప్రభుత్వం 2015లో పంచాయతీకి పోటీ చేసే మగవాళ్లు పదో తరగతి పాసై ఉండాలంది, స్త్రీలకూ ఎస్సీలకూ కొంత తగ్గించింది. ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలి, కరెంటు బిల్లు బకాయి ఉండకూడదు అంది. సుప్రీంకోర్టు ఆ ఏడాది డిసెంబరులో దాన్ని సమర్థించింది. కరెంటు బిల్లు షరతు భివండీలో పెడితే నామినేషన్ వేయడానికి ఎందరు మిగులుతారో మీరే లెక్కేసుకోండి. (నవ్వులు.) ఎంపీకి, ఎమ్మెల్యేకు మాత్రం చదువు షరతు ఇప్పటికీ లేదు. సర్పంచికి కావాల్సిన చదువు ముఖ్యమంత్రికి అక్కరలేదన్నమాట.

పదవి మీద ఆశ లేనివాడే పదవికి తగినవాడని ప్లేటో ఇంకొక పరీక్ష పెట్టాడు. వినడానికి బాగుంటుంది, కొలవడం ఎట్లా? మన కొండా లక్ష్మణ్ బాపూజీ పదవంటే మొహం తిప్పుకున్నవాడు కాదు. ఎన్నికల్లో నిలబడ్డాడు, మంత్రి అయ్యాడు. 1969లో తెలంగాణ కోసం ఆ మంత్రి పదవి వదిలేశాడు. సోలాపూర్‌లో మన నర్సయ్య ఆడం మాస్టర్ 1978, 1995, 2004లో ఎమ్మెల్యేగా గెలిచాడు, మధ్యలో ఓడాడు. బీడీలు చుట్టే ఆడవాళ్లకు 10,000 ఇళ్ల కాలనీ ఆయన పోరాటంతో లేచింది. వీళ్లకు ఆశ ఉందా లేదా అని ముందే లోపలికి తొంగి చూసే యంత్రం ఎవరి దగ్గరుంది? చేసిన పనీ, వదిలిన పదవీ మాత్రం కంటికి కనిపిస్తాయి.

ఈ ఊరి అనుభవమే ఒకటి చెబుతాను. భివండీ 1970లో మతకలహాల్లో తగలబడింది, 1984లో మళ్లీ తగలబడింది. అప్పట్లోనూ శాంతి కమిటీలుండేవి. ఊరి ప్రముఖులు, పార్టీల పెద్దలు, అంటే అందరూ అర్హులనుకునేవాళ్లే వాటిలో ఉండేవారు. 1980ల చివర డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే ఆ పద్ధతి పక్కన పెట్టి మొహల్లా కమిటీలు కట్టాడు. పెద్దపేర్లు వద్దు, ఆ గల్లీలో బతికే మామూలు మనుషులు, హిందువులూ ముస్లింలూ కలిసి, బీటు పోలీసుతో సహా. గొడవ జరిగాక కాదు, ఏమీ జరగని రోజుల్లో కూచోవాలి. నల్లా దగ్గర తగువు, అద్దె తగువు, పిల్లల కొట్లాట మాట్లాడుకోవాలి. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో ముంబయి మండింది. భివండీ మండలేదు.

దూకుడువాళ్లనూ నెమ్మదివాళ్లనూ కలిపి నేయడం అంటే ఇదే కదా. తేడా ఒక్కటి. ఇక్కడ నేసినవాళ్లలో పోగులే ఎక్కువ. ఖోపడే మగ్గం పెట్టాడు, నిజమే, ఒక అధికారి పూనుకోకపోతే అది మొదలయ్యేది కాదు. ప్లేటో పక్షాన ఎవరైనా ఆ మాటంటే నేను కాదనను. కానీ ఆ రాత్రులు గల్లీ చివర నిలబడి పుకార్లను ఆపింది ఆ గల్లీవాళ్లే. ఆ అర్హత వాళ్లకు ముందే ఉందని ఏ పరీక్షా తేల్చి ఉండేది కాదు, కూచోగా కూచోగా వచ్చింది. కూచోవడం తగ్గితే పోతుంది కూడా. 2006లో పోలీస్ స్టేషన్ కట్టే స్థలం మీద గొడవై ఇదే ఊళ్లో కాల్పులు జరిగాయి, ఇటు జనంలోనూ అటు పోలీసుల్లోనూ ప్రాణాలు పోయాయి.

అందుకే తత్త్వవేత్తల కంటే ఏథెన్స్ గుమాస్తాలే నాకు ఎక్కువ నచ్చుతారు. తత్త్వవేత్తలు అర్హతను వాకిట్లోనే తేల్చాలన్నారు. నగరం వాకిట్లో అడిగింది తక్కువ. తల్లిదండ్రులను సరిగా చూసుకుంటున్నావా, పన్నులు కట్టావా, పిలిచినప్పుడు యుద్ధానికి వెళ్లావా, ఇట్లాంటివే. అసలు పరీక్ష దిగేటప్పుడు. ఈ వివరాలు చాలావరకు చెప్పే, అరిస్టాటిల్ పేరుతో ఉన్న 'ఏథెన్స్ రాజ్యాంగం' అనే గ్రంథం చాలా కాలం దొరకలేదు. ఈజిప్టులో బయటపడి 1891లో అచ్చయింది. ఆ పపైరస్ చుట్టలకు ఒకవైపు ఎవరిదో పొలం జమాఖర్చులున్నాయి. చిత్తు కాగితం దాచుకున్న గుమాస్తా తీరులో, లెక్కలు రాసిన కాగితం వెనక ఈ రాజ్యాంగాన్ని నకలు చేసుకున్నారు.

పదవి దిగినవాడు ముప్పై రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. తేలేదాకా దేశం దాటకూడదు, ఆస్తి దేవుడికి రాసివ్వకూడదు, వీలునామా రాయకూడదు. డబ్బు ముట్టని పదవైనా సరే, ముట్టలేదని రాసి ఇవ్వాలి. గుడి పూజారిణులకూ మినహాయింపు లేదు. ఆ తర్వాత పరిశీలకులు బజారు నడిచే వేళల్లో మూడు రోజులు నగర వీరుల విగ్రహాల దగ్గర కూచునేవారు. ఏ పౌరుడైనా తెల్లటి పలక మీద తన పేరు, దిగినవాడి పేరు, వాడు చేసిన తప్పు, దానికి ఎంత జరిమానా వేయాలో రాసి వాళ్లకు ఇవ్వవచ్చు.

మహానగరపాలికకు ఈ పద్ధతి తెప్పించే బలం మనకు ఇవాళ లేకపోవచ్చు. మన సమాజం కమిటీకి, గుడి కమిటీకి, పెళ్లిహాలు కమిటీకి తెచ్చుకోవడానికి మంత్రాలయ అనుమతి అక్కరలేదు. కమిటీ దిగిన నెలలోపు, చీటీ తీసి ముగ్గురిని ఎంచండి. ఆ డబ్బాలో కండెలు చుట్టే అక్కల పేర్లుండాలి, సేట్ పేరుండాలి, అద్దె సాంచా మీద నడిపేవాడి పేరుండాలి. చదవడం రానివాళ్లకు పక్కన కూచుని చదివి వినిపించే కాలేజీ పిల్లలు మనకు ఇప్పుడు కొదవలేదు. ఆ ముగ్గురూ మూడు సాయంత్రాలు చౌరస్తాలో కూచోవాలి, పాలీలు మారే వేళకు, దిగేవాళ్లకూ ఎక్కేవాళ్లకూ అందేటట్టు. ఆ పూట పని పోగొట్టుకున్నవాడికి ఏథెన్స్ వాళ్లలాగే కమిటీ ఖాతాలోంచి కూలి కట్టివ్వండి, అదీ లెక్కలో రాయండి.

దీన్ని తీర్మానంగా పెట్టాలో వద్దో అధ్యక్షులు మిమ్మల్నే అడుగుతారు. ఒప్పుకోనివాళ్లు లేచి మాట్లాడండి, సమయం ఉంది. రాత్రి పాలీకి వెళ్లాల్సినవాళ్లు ముందు మాట్లాడండి.